పాలరాతి సరంగు

ఆబ్నర్ స్టోర్ పోయిన చలికాలమంతా మా స్కార్విక్‌లో ఆయన పేరు ఎత్తని ఇల్లు లేదు. మా రేవులో ఉండే రక్షణ పడవకి ఆయన సరంగు, పడవ నడిపించే పెద్ద. జనవరి గాలివానలో నార్వే ఓడ ఒకటి మా రాళ్ల గుట్ట మీదికి ఎక్కి విరిగిపోతుంటే, పడవ వేసుకుని వెళ్లి అందులోని మనుషులందర్నీ దింపుకున్నాడు. ఆఖరివాణ్ణి పడవలోకి లాగుతుండగా కెరటం వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. తక్కినవాళ్లు ఒడ్డుకు చేరారు. ఆయన శవం కొన్నాళ్లకి దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గర దొరికింది.

ఆరోజు పడవ ఒక తెడ్డు తక్కువతో వెళ్లింది. ఆ తెడ్డు పట్టాల్సినవాడు జేబెజ్ వెర్రిల్. పాతికేళ్ల మనిషి, దిట్టంగా ఉంటాడు. నీళ్ల దాకా వచ్చాడు, పడవ అంచు మీద చెయ్యి వేశాడు, అక్కడే నిలబడిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి ఊళ్లోకి నడిచాడు. ఒడ్డున ఉన్నవాళ్లమంతా చూశాం. ఆ తెడ్డు ఉంటే ఆబ్నర్ బతికేవాడని కొందరన్నారు, ఎన్ని తెడ్లున్నా అంతేనని కొందరన్నారు. శిక్ష వెయ్యడంలో మాత్రం అందరూ ఒక్కటయ్యారు. జేబెజ్‌ని ఏ చేపల పడవా ఎక్కించుకోలేదు. పొద్దున్నే లేచి చూస్తే, పిరికివాడని వెక్కిరిస్తూ ఎవరో తగిలించిన ఆడవాళ్ల టోపీ అతని తలుపుకు వేలాడుతుండేది. చివరికి ఒక గుర్రబ్బండి సంపాదించుకుని, రైలు స్టేషను నుంచి ఊళ్లోకి సామాన్లు తోలుకుంటూ బతికాడు. బండి ఆపి సామాను దింపితే జనం తీసుకునేవాళ్లు గాని, మంచి చెడ్డా అడిగేవాళ్లు కాదు. నేనూ అంతే.

నా పేరు డోర్కాస్. మా ఆయన తెరచాపలు కుట్టేవాడు. ఆయన పోయాక మా ఇంటి పైన ఉన్న పెద్ద అటక ఖాళీగా పడి ఉంది. ఊరి పెద్దలంతా కలిసి ఆబ్నర్‌కి పాలరాతి విగ్రహం చేయించి చర్చిలో పెట్టాలని తీర్మానించినప్పుడు, లండన్ నుంచి వచ్చే శిల్పికి ఆ అటకే అనువుగా ఉంటుందన్నారు. ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్నాయి. కింద బావి ఉంది, మట్టి తడపడానికి.

శిల్పి పేరు ఆంబ్రోస్ టిలెట్. ఏప్రిల్‌లో దిగాడు. సన్నటి మనిషి, వేళ్లు మాత్రం మోటుగా, పొలం పని చేసేవాడి వేళ్లలా ఉంటాయి. ముందు మట్టితో చేసి, దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీసి, అది చూసుకుంటూ లండన్‌లో రాయి చెక్కుతానన్నాడు. విగ్రహం నడుము దాకానే. తల, భుజాలు, చేతులు.

"బతికుండగా నేను ఆయన్ని చూడలేదు. మీరంతా చెబితేనే నాకు తెలియాలి," అని ఊరంతా తిరిగాడు. పడవ వాళ్లని అడిగాడు, పాస్టరుగారిని అడిగాడు, సారా కొట్టువాణ్ణి అడిగాడు. అందరూ ఒకే మాట చెప్పారు. ఆబ్నర్‌కి భయమంటే తెలియదు. సింహం. తుఫాను చూస్తే నవ్వేవాడు.

ఓడల యజమాని గార్బట్ దొర విగ్రహం పనికి పెద్ద. ఆయన అటకెక్కి వచ్చి, చేతికర్ర నేలకేసి కొట్టి, తనకేం కావాలో చెప్పాడు.

"కళ్లు పైకి ఉండాలయ్యా, ఆకాశంలోకి. జుట్టు గాలికి ఎగరాలి. చూసినవాడికి ధైర్యమంటే ఇదీ అనిపించాలి. మా ఊరి పిల్లలు దాన్ని చూసి పెరగాలి."

టిలెట్ అలాగే చేశాడు. పదిహేను రోజుల్లో మట్టి ముఖం తయారైంది. గార్బట్ చూసి చాలా సంతోషించాడు. నాకూ బాగానే అనిపించింది. నేను టీ పట్టుకెళ్లేసరికి టిలెట్ దాని ముందు స్టూలేసుకుని, అత్తారింట్లో అలిగిన అల్లుడిలా కూర్చున్నాడు.

"ఏమయ్యా, దొర మెచ్చుకున్నాడుగా. మరి ఆ మొహమేంటి?"

"ఈ ముఖం నేను ఇదివరకే చేశానండీ డోర్కాస్ గారూ. మీసం పెట్టి ఒక సైన్యాధిపతికి చేశాను. మీసం తీసేసి ఒక బిషప్పుకి చేశాను. రెక్కలు తగిలించి సమాధుల మీద ఎంతమంది దేవదూతలకి పెట్టానో నాకే గుర్తులేదు. ఇందులో ఆబ్నర్ లేడు."

"ఆబ్నర్ కావాలంటే కెటూరాని అడగాల్సింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి."

"మూడుసార్లు కబురు పెట్టాను. రాలేదు."

"నువ్వు పిలిస్తే రాదు. నేను పిలుస్తా ఉండు," అన్నాను.

కెటూరా ఆబ్నర్ భార్య. పిల్లల్లేరు. మొగుడు పోయాక ఎవరి ముందూ ఏడవలేదు. ఎవరైనా ఓదార్చబోతే పని ఉందని లోపలికి వెళ్లిపోయేది. నేను వెళ్లి ఏమీ దాచకుండా, "మీ ఆయన చెవి ఎలా ఉండేదో తెలియక ఆ పెద్దమనిషి అవస్థ పడుతున్నాడు, ఒక్కసారి వచ్చి చెప్పిపో," అన్నాను. ఉన్ని అల్లిక చంకలో పెట్టుకుని నా వెంట వచ్చింది.

అటక మెట్లెక్కి మట్టి బొమ్మని చూసింది. చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"ఎవరీయన?" అంది.

టిలెట్‌కి కోపం రాలేదు. నవ్వేశాడు. "అదే నా బాధ కూడా. కూర్చోండమ్మా."

ఆ రోజు చెవి గురించీ, ముక్కు మీద గాటు గురించీ చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. కిటికీ దగ్గర కూర్చుని అల్లుకుంటూ ఉండేది. టిలెట్ ప్రశ్నలు వేసేవాడు కాదు, మట్టి పిసుకుతూ ఉండేవాడు. ఆమె తనంతట తనే మాట్లాడేది. ఆబ్నర్‌కి చేపల కన్నా వేయించిన పంది మాంసం ఇష్టమని, నిద్రలో ఈల వేసేవాడని, చిన్నప్పుడు తమ్ముడు కళ్లెదుటే మునిగిపోయాడని. నేను కింద నుంచి వచ్చీపోతూ వినేదాన్ని. భర్త పోయాక ఆమె అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు.

ఒకరోజు అల్లిక ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ చెప్పింది.

"తుపాకీ పేల్చి పడవకి పిలుస్తారు చూడు, ఆ చప్పుడు వినగానే ఆయన పెరట్లోకి పరుగెత్తేవాడు. కడుపులో ఉన్నదంతా కక్కుకునేవాడు. ప్రతిసారీ. తర్వాత లోపలికొచ్చి తలుపు వేసేవాడు. నీళ్లలో తేలడానికి వేసుకునే బెండు చొక్కా తాళ్లు కట్టుకోవాలంటే వేళ్లు ఆడేవి కాదు, అంత వణుకు. నేనే కట్టేదాన్ని. 'గట్టిగా కట్టవే' అనేవాడు. కట్టాక ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఆ తర్వాత తలుపు తీసి, వీధంతా వినపడేలా కేకలేస్తూ వెళ్లేవాడు. ఎవరికీ తెలీదు. పడవలో వాళ్లక్కూడా తెలీదు."

"చివరి రోజు కూడానా?" అని మెల్లగా అడిగాడు టిలెట్.

"చివరి రోజు మరీనూ."

ఆమె వెళ్లాక టిలెట్ స్టూలు మీంచి లేచాడు. తర్వాత ఆ సింహం తల మీద తడి గుడ్డ తీసి, రెండు బొటనవేళ్లూ దాని కళ్లలోకి దించేశాడు.

ఆ తర్వాత అతను సరిగ్గా తిన్నది లేదు. నేను పెట్టిన రొట్టె పళ్లెంలోనే ఎండిపోయేది. రోజంతా పైన అడుగుల చప్పుడు. ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచాడు. నేను మెట్ల చివరే ఆగిపోయాను.

ఆబ్నర్ అక్కడ నిలబడి ఉన్నాడు. తల కొంచెం వంగి ఉంది. పెదవులు బిగిసి ఉన్నాయి. చేతులు రెండూ రొమ్ము మీద బెండు చొక్కా తాళ్ల ముడి దగ్గర ఉన్నాయి, ఆ వేళ్లు ముడిని పట్టుకున్నాయో, ముడినే ఆసరా చేసుకున్నాయో చెప్పలేం. కళ్లలో భయం ఉంది. దాచుకోని భయం. కానీ ఆ భుజాలు చూస్తే ఈ మనిషి వెళతాడు, ఇంకో క్షణంలో తలుపు తీస్తాడు అని తెలిసిపోతుంది. మా ఆయనతో పేకాడుతూ మా ఇంట్లో నవ్విన మనిషే. ఆ నవ్వు వెనక ఇది ఉందని నాకెప్పుడూ తెలియదు. నా శాలువా అంచుతో కళ్లు తుడుచుకున్నాను.

"చూశారా," అన్నాడు టిలెట్. గొంతు పసివాడి గొంతులా ఉంది. "నా జన్మలో చేసిన మంచి పని ఇదొక్కటేనండీ."

కెటూరా సాయంత్రం వచ్చింది. అతను సంతోషంగా గుడ్డ తీశాడు. ఆమె చూసింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"నేను నీకు చెప్పాను. ఊరికి చెప్పలేదు," అంది.

"అమ్మా..."

"ముప్పై ఏళ్లు దాచుకున్నాడయ్యా ఆ మనిషి! తన తల్లికి కూడా తెలియనివ్వలేదు. నువ్వు తీసుకెళ్లి చర్చిలో నిలబెడతావా? ఆదివారం ఆదివారం అందరూ వచ్చి చూసి, ఓహో ఆబ్నర్ స్టోర్ కూడా వణికేవాడన్నమాట అని చెప్పుకోవడానికా? తెలీక నోరు జారాను. నా మనసు తేలికపడుతోంది కదా అని వాగాను."

నాకు టిలెట్ మీద జాలీ వేసింది, కోపమూ వచ్చింది. చివరికి అతను అన్నాడు, "మీరు చెప్పిందే జరుగుతుంది. పగలగొట్టమంటే పగలగొట్టేస్తాను. ముందు చేసిన ముఖమే మళ్లీ చేస్తాను."

"పగలగొట్టు."

"సరే."

"ఇప్పుడు కాదు. ఇప్పుడు నేను చూడలేను. రేపు పొద్దున వస్తా. నా కళ్లెదుట చెయ్యి."

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. టిలెట్ మట్టి కోసే తీగ సిద్ధంగా పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బొమ్మ మీద గుడ్డ కప్పలేదు. ఆఖరిసారి చూసుకుంటున్నాడనుకుంటా. అప్పుడే కింద బండి ఆగింది. జేబెజ్ వచ్చాడు. అచ్చు తియ్యడానికి ముందెప్పుడో తెప్పించిన ప్లాస్టర్ బస్తాలు రైల్లో వచ్చాయి.

"ఎక్కడ పెట్టను పెద్దమ్మా?" అన్నాడు నా వైపు చూడకుండా.

ఇక అవి అవసరం లేదని చెప్పాలనుకున్నాను. ఆ వానలో అతన్ని తిప్పి పంపడానికి మనసొప్పలేదు. "పైన," అన్నాను.

బస్తా భుజాన వేసుకుని ఎక్కాడు. కాసేపటికి దబ్బుమని చప్పుడు వినిపించింది. పడిపోయాడేమోనని పైకి పరుగెత్తాను. బస్తా జారి చిట్లింది, తెల్లటి పొడి నేలంతా పరుచుకుంది. జేబెజ్ ఆ పొడిలోనే మోకాళ్ల మీద కూర్చుని బొమ్మని చూస్తున్నాడు.

"ఏంటిది?" అన్నాడు. "ఈయన... ఈయనక్కూడానా?"

టిలెట్ నా వంక చూశాడు. అంతలో వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కెటూరా.

ఆ ఇద్దరూ జనవరి తర్వాత ఎదురెదురు పడలేదు. ఆమె వస్తుంటే అతను సందు మారేవాడు. ఇప్పుడు మారడానికి సందు లేదు. లేవబోయి, లేవలేక, తలొంచుకున్నాడు.

"వీడిక్కడెందుకున్నాడు?" అంది కెటూరా.

"బస్తాలు తెచ్చాడు కెటూరా. వెళ్లిపోతాడు," అన్నాను.

"వెళతాను పిన్నీ. ఒక్క మాట చెప్పి వెళతాను," అన్నాడు జేబెజ్. "తర్వాత నన్నేమన్నా పడతాను."

ఆమె మెట్ల దగ్గరే ఆగింది.

"ఆవేళ పడవ మీద చెయ్యేశాను. నా కాళ్లు రాలేదు. ఎంత అనుకున్నా రాలేదు. సరంగు నా దగ్గరకొచ్చాడు. తిడతాడనుకున్నా, కొడతాడనుకున్నా. కొట్టినా బాగుండేది. నా భుజం మీద చెయ్యేసి, చెవిలో 'తెలుసురా అబ్బాయ్, ఇంటికెళ్లు' అన్నాడు. అంతే. నువ్వు పిరికోడివని నాకు ముందే తెలుసులే అన్నాడనుకున్నా పిన్నీ. పోయేముందు ఆయన నన్ను అంత చులకన చేసి పోయాడనుకున్నా. ఇన్ని నెలలూ అదే మాట చెవిలో." అతను బొమ్మ వైపు చెయ్యెత్తాడు. "తెలుసు అంటే... ఇదా?"

నేను స్టూలు జరిపితే కెటూరా కూర్చుంది.

"మళ్లీ చెప్పు. ఏమన్నాడు?"

"తెలుసురా అబ్బాయ్, ఇంటికెళ్లు."

"ఎలా అన్నాడు?"

"మెల్లగా. వేరేవాళ్లకి వినపడకుండా."

అప్పుడు కెటూరా ఏడ్చింది. నోరు మూసుకోలేదు, ముఖం దాచుకోలేదు. మొగుడి శవం వచ్చిన రోజు రాని ఏడుపంతా వచ్చింది. టిలెట్ కిటికీ వైపు తిరిగిపోయాడు. జేబెజ్ పొడిలోనే కూర్చుని ఉన్నాడు, కదిలితే ఏమవుతుందోనన్నట్టు.

కొంత తేరుకున్నాక ఆమే అంది. "నాకు ఒళ్లంతా కోపంగానే ఉంది జేబెజ్. నీ తెడ్డు ఉండుంటే అని రోజూ అనుకుంటాను. రేపూ అనుకుంటాను. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ ఆయన నిన్ను తిట్టలేదు. ఆయన తిట్టనివాణ్ణి తిట్టడానికి నేనెవర్ని?"

తర్వాత లేచి బొమ్మ దగ్గరకెళ్లింది. మట్టి వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టింది, తాకీ తాకకుండా.

"నాకు తప్ప ఎవరికీ చెప్పలేదనుకున్నా. వీడికి చెప్పాడు," అంది. తర్వాత టిలెట్‌తో, "ఆ తీగ అవతల పడెయ్," అంది.

గార్బట్ దొర రెండ్రోజులకి పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. బొమ్మ చూసి ముక్కుపొడి డబ్బీ మూత టపీమని మూశాడు.

"ఏంటయ్యా ఇది? కడుపునొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు! నేనడిగింది వీరుణ్ణి. వీడెవడు?"

"నా మొగుడు," అంది కెటూరా. ఆమె కిటికీ దగ్గర అల్లుకుంటోంది. దొర అప్పటిదాకా ఆమెని చూడనే లేదు.

"అమ్మా, మీ దుఃఖం నాకు తెలుసు. కానీ ఊరికి ఆదర్శంగా ఉండాలి కదా..."

"దొరగారూ, మీరు ఎప్పుడైనా ఆ పడవలో వెళ్లారా?"

ఆయన దగ్గాడు.

"భయం లేనివాడు వెళితే అందులో గొప్పేముంది? తాగుబోతు కూడా వెళతాడు. ఆ తాళ్లు కట్టినదాన్ని నేను. ఆ ముఖం నాకే తెలుసు. ఇదే ఆ ముఖం. ఇంకో ముఖం పెట్టేట్టయితే నా మొగుడి పేరు దాని కింద రాయకండి. మీ పేరు రాసుకోండి."

నాకు నవ్వొచ్చి అటు తిరిగాను. గార్బట్ ఎర్రబడిపోయి పాస్టరుగారి వైపు చూశాడు, ఏదైనా అంటాడేమోనని. పాస్టరుగారు మెత్తటి మనిషి, దొర మాట కాదని ఎరుగడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ చాలాసేపు బొమ్మని చూశాడు.

"సిలువ వెయ్యడానికి ముందు రాత్రి తోటలో ప్రార్థిస్తూ మన ప్రభువు కూడా ఇలాగే ఉండి ఉంటాడు గార్బట్ గారూ," అన్నాడు. "చర్చిలో ఉండదగ్గదే."

దొర ఒప్పుకోక తప్పలేదు. కాకపోతే ప్రసంగ వేదిక పక్కన పెట్టాల్సింది కాస్తా, పడమటి తలుపు మూలకి మార్పించాడు. అక్కడ వెలుతురు తక్కువ.

మరుసటి ఏడాది శరత్కాలంలో పాలరాయి వచ్చింది. స్టేషను నుంచి దాన్ని తోలుకొచ్చింది జేబెజే. గుర్రాన్ని నడిపిస్తూ తను పక్కన నడిచాడు, ఒక్క కుదుపు పడనివ్వలేదు. మట్టిలో ఉన్నదంతా రాయిలోకి వచ్చింది. పైగా రాయి తెలుపు వల్లనేమో, ఆ ముఖంలో భయం చూసి మనకి భయం వెయ్యదు, దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. గుడ్డ తీసిన రోజు జనం చాలాసేపు గుసగుసలాడారు. పడవ వాళ్లు కొందరు అవమానంగా భావించి బయటికెళ్లిపోయారు. నాతన్ అనే ముసలి తెడ్డువాడు మాత్రం విగ్రహం ముందు నిలబడి, "నేనొక్కణ్ణే అనుకున్నా," అన్నాడు, ఎవరితోనో తెలియదు. టిలెట్ నీరసంగా, సంతోషంగా ఉన్నాడు. కెటూరా అతనితో, "కాస్త అందగాణ్ణి చేశావులే," అంది. "ఆయనకి అంత అందం లేదు." అతను మళ్లీ ఎప్పుడూ మా ఊరు రాలేదు. లండన్‌లో దేవదూతలే చేసుకుంటున్నాడని విన్నాను. పొట్ట గడవాలి కదా.

ఆ డిసెంబర్లో తుపాకీ పేలింది. బొగ్గు మోసే ఓడ ఒకటి రాళ్ల మీదికి కొట్టుకొస్తోంది. ఒడ్డున ఒక తెడ్డుకి మనిషి కావాల్సి వచ్చింది, జేబెజ్ వచ్చి నిలబడ్డాడు. కొత్త సరంగు ఒక క్షణం చూసి, ఎక్కు అన్నాడు. తక్కినవాళ్లు జరిగి చోటిచ్చారు. కెటూరా నా పక్కనే ఉంది. శాలువా బిగించుకుని పడవ కనపడినంతసేపూ చూసింది, కనపడకపోయినా చూసింది.

చీకటి పడేలోగా అందరూ తిరిగొచ్చారు. జేబెజ్ ఇసుకలో అడుగుపెట్టి, మూడు నాలుగు అడుగులు వేసి కూలబడ్డాడు. నీలం తిరిగిన పెదవులతో, "ఇంకోసారి నా వల్ల కాదు పిన్నీ," అన్నాడు. నిజంగానే ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు. పడవ షెడ్డు కాపలాకి పెట్టుకున్నారు, తెడ్లకి నూనె రాస్తూ, తాళ్లు సరిచూస్తూ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. అతని తలుపుకు టోపీ తగిలించడం ఎప్పుడు ఆగిందో ఎవరికీ గుర్తులేదు.

ఆ సాయంత్రం అతను ఇసుకలో కూలబడగానే, కెటూరా నేను ఒడ్డుకు తెచ్చిన కూజాలోంచి టీ వంచి, గ్లాసు అతని చేతిలో పెట్టింది. అతని వేళ్లు పట్టుకోలేకపోతే, కింద నుంచి తన చెయ్యి ఆనించింది.

"తాగు," అంది. "చల్లారిపోతుంది."